సొంతంగా కెర్నల్ కంపైల్ చేసుకుంటే పాత లాప్‌టాప్ నిజంగా వేగం అందుకుంటుందా?

సిక్కోలు_కుర్రోడు · శుక్రవారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నా. మా పెదనాన్నగారి అబ్బాయి వాడి పక్కన పడేసిన లాప్‌టాప్ నా చేతికొచ్చింది. 5వ తరం ఐ3, 4 జీబీ ర్యామ్, పాతకాలం తిరిగే హార్డ్ డిస్క్. ఉబుంటు 24.04 లినక్స్ వేశాను. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచి, పక్కన కోడ్ ఎడిటర్ పెడితే చాలు, మౌస్ బంకమట్టిలో నడిచినట్టు నడుస్తోంది.

ఒక వీడియోలో చూశాను. ఉబుంటుతో వచ్చే కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే లోపలి ముఖ్య ప్రోగ్రాం) లోకంలో ఉన్న మెషీన్లన్నిటికీ కలిపి చేసిందట. మనకు అక్కర్లేని డ్రైవర్లు వేలల్లో ఉంటాయట. మన మెషీన్‌కి ఏం కావాలో అంతే పెట్టి కంపైల్ చేసుకుంటే (సోర్స్ కోడ్ నుంచి మనమే తయారుచేసుకుంటే) దూసుకుపోతుందట. నిజమేనా? కెర్నల్ 6.12 వెర్షన్ సోర్స్ దించి పెట్టుకున్నా. రేపు, ఎల్లుండి సెలవు. మొదలుపెట్టమంటారా?

ఓరుగల్లు_రూట్ · 10:58

మొదలుపెట్టు తమ్ముడూ, ఆలోచించకు. నేను ఆరేళ్లుగా జెంటూ (అన్నీ మనమే కంపైల్ చేసుకునే లినక్స్) మీదే ఉన్నా, డిస్ట్రో (ఉబుంటు లాంటి రెడీమేడ్ లినక్స్) ఇచ్చిన కెర్నల్ ముట్టుకోలేదు. నా మెషీన్‌లో బ్లూటూత్ లేదు, కెర్నల్‌లోనూ లేదు. ఫ్లాపీ లేదు, అదీ లేదు. ఎన్నడూ చూడని సర్వర్ కార్డుల డ్రైవర్లు నా డిస్క్ మీద ఎందుకుండాలి? మెనూకాన్ఫిగ్ (కెర్నల్ ఆప్షన్లు ఎంచుకునే మెనూ) తెరిచి ఒక్కో ఆప్షన్ దగ్గర ఆగి సహాయం చదివితే, కాలేజీలో ఓఎస్ సబ్జెక్టు ఒక సెమిస్టర్ మొత్తంలో చెప్పని విషయాలు రెండు రోజుల్లో తెలుస్తాయి.

నైట్_షిఫ్ట్ · 11:20

నేర్చుకోవడానికైతే సరే, చెయ్యి. వేగం కోసమైతే ఆ రెండు రోజులు హాయిగా పడుకో.

డిస్క్ మీద ఉన్న డ్రైవర్ వేరు, మెమరీలోకి ఎక్కిన డ్రైవర్ వేరు. ఆ వీడియో ఈ రెంటినీ కలిపేసింది. ఉబుంటు కెర్నల్‌లో డ్రైవర్లు చాలావరకు మాడ్యూళ్లుగా విడివిడి ఫైళ్లలో ఉంటాయి. మెషీన్‌లో ఆ పరికరం కనబడితేనే యుడెవ్ అనే ప్రోగ్రాం పిలుస్తుంది, అప్పుడే లోడ్ అవుతుంది. లోడ్ అయినవి చూపే ఎల్ఎస్‌మాడ్ కమాండ్ కొట్టి లెక్కపెట్టు, వందో నూటయాభయ్యో ఉంటాయి. మిగతా వేలు డిస్క్‌లో పడుకుని ఉంటాయి. వాటికోసం నీ ప్రాసెసర్ ఒక్క క్షణం కూడా ఖర్చు పెట్టదు.

నీ బాధ ఎక్కడుందో ముందు కొలువు. మెషీన్ మొరాయిస్తున్న టైంలో వీఎంస్టాట్ 1 అనే కమాండ్ కొట్టి ఒక నిమిషం చూడు. ఎస్ఐ, ఎస్ఓ, ఎస్‌వై, డబ్ల్యుఏ నిలువు వరసల్లో ఏం వస్తోందో ఇక్కడ పెట్టు.

పాత_పెంటియం · 11:47

ఈ ప్రశ్న చూస్తే నాకు 2003 గుర్తొచ్చింది. అమీర్‌పేటలో ఒక మేడ మీద గదిలో నలుగురం ఉండేవాళ్లం. ఉన్నది ఒకటే మెషీన్: పెంటియం 3, 128 ఎంబీ ర్యామ్. స్లాక్‌వేర్ లినక్స్. కెర్నల్ 2.4. మేక్ డెప్, తర్వాత మేక్ బీజెడ్‌ఇమేజ్, తర్వాత మేక్ మాడ్యూల్స్, ఇవీ కంపైల్ కమాండ్లు. సాయంత్రం మొదలుపెట్టి తెల్లారి చూసేవాళ్లం. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. యూపీఎస్ కొనే స్తోమత ఎవరికుంది?

అప్పట్లో దానికి అర్థం ఉండేది బాబూ. 128 ఎంబీలో రెండు ఎంబీ మిగిలినా తేడా కంటికి కనబడేది. సౌండ్ కార్డు పలకాలన్నా, సీడీ రాసే పరికరం పనిచేయాలన్నా ఎక్కడో ఒకచోట ఆప్షన్ తిప్పి మళ్లీ వండాల్సిందే. అవసరం తోసింది కాబట్టి చేశాం, సరదాకి కాదు.

ఒకసారి అంతా అయిపోయి, కొత్త కెర్నల్ స్లాష్ బూట్‌లో పెట్టి, లిలో (కెర్నల్‌ని లేపే బూట్‌లోడర్) కమాండ్ కొట్టడం మరిచిపోయి రీబూట్ చేశా. ఇప్పటి బూట్‌లోడర్ గ్రబ్‌లాగా లిలోకి ఫైల్ పేరు వెతుక్కోవడం రాదు. కెర్నల్ డిస్క్ మీద ఏ బ్లాకుల్లో ఉందో ముందే రాసిపెట్టుకుంటుంది. ఆ బ్లాకుల్లో ఇప్పుడు ఇంకేదో ఉంది. రూమ్మేట్ ప్రాజెక్టు రిపోర్టు అదే మెషీన్‌లో ఉంది. వాడు నాతో వారం రోజులు మాట్లాడలేదు.

ఓరుగల్లు_రూట్ · శనివారం అర్ధరాత్రి 12:05

నైట్_షిఫ్ట్ మేడమ్, మాడ్యూళ్ల మాట ఒప్పుకుంటా. మరి ప్రాసెసర్‌కి తగ్గ ఆప్టిమైజేషన్ సంగతేంటి? డిస్ట్రోవాళ్లు పాత 64 బిట్ ప్రాసెసర్లన్నిటి మీదా నడవాలని అందరికీ సరిపడేలా కంపైల్ చేస్తారు. మన చిప్‌లో ఏవీఎక్స్ (ఒకేసారి చాలా లెక్కలు చేసే ఆదేశాలు) ఉన్నా వాడరు. అది నష్టమే కదా?

బోర్డు_బాబు · 12:31

ఇది నా ఏరియా, నేను చెప్తా. బెంగళూరులో ఎంబెడెడ్ బోర్డులతోనే (పరికరాల్లో ఇమిడే చిన్న కంప్యూటర్లు) నా కాపురం.

మామూలు ప్రోగ్రాములకు ఆ మాట కొంతవరకు నిజం. కెర్నల్ దగ్గర కాదు. కెర్నల్‌ని కంపైల్ చేసేటప్పుడు ఎస్ఎస్ఈ (ఏవీఎక్స్ లాంటిదే), ఏవీఎక్స్ వాడొద్దని కంపైలర్‌కి మేక్‌ఫైల్‌లోనే చెప్పేస్తారు. ఎందుకంటే వాటి రిజిస్టర్లు (చిప్ లోపలి చిన్న నిల్వ గదులు) యూజర్ ప్రోగ్రాములవి. కెర్నల్ వాటిని ముట్టుకుంటే లోపలికి వచ్చిన ప్రతిసారీ దాచి, పోయేటప్పుడు తిరిగి పెట్టాలి, అది ఖరీదైన పని. కాబట్టి నువ్వు మార్చ్ నేటివ్ (నా చిప్‌కే తగ్గట్టు చెయ్యి అనే ఫ్లాగ్) అని ఎంత అరిచినా సాధారణ కెర్నల్ కోడ్‌లోకి ఏవీఎక్స్ రాదు.

ఇక అవి నిజంగా పనికొచ్చే చోట్లు, అంటే ఎన్‌క్రిప్షన్, రెయిడ్ (చాలా డిస్కులు కలిపి వాడటం) లెక్కల్లాంటివి. అక్కడ కెర్నల్‌లో అదే పనికి మూడు నాలుగు రకాల కోడ్ ముందే ఉంటుంది. నడిచేటప్పుడు చిప్‌ని చూసి ఎంచుకుంటుంది. రెయిడ్6 మాడ్యూల్ అయితే పోటీ పెట్టి మరీ ఎంచుకుంటుంది, కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ఆ ఫలితాలు చూడొచ్చు. ఇంకా ఆల్టర్నేటివ్స్ అనే ఏర్పాటు ఒకటుంది: బూట్ అయ్యేటప్పుడే ప్రాసెసర్ ఏదో చూసుకుని, తన కోడ్‌లో కొన్ని ఆదేశాలను మెమరీలోనే మార్చేసుకుంటుంది. అంటే నీకు వచ్చిన డిఫాల్ట్ కెర్నల్ కూడా నీ మెషీన్ మీద లేచేసరికి నీ కొలతలకు కుట్టుకునే లేస్తుంది.

6.16లో నేటివ్ సీపీయూ ఆప్షన్ అధికారికంగానే వచ్చింది, నిజమే. పెట్టుకోవచ్చు. కంటికి తేడా తెలిస్తే నాకూ చెప్పు.

ఓరుగల్లు_రూట్ · 12:40

రిజిస్టర్ల సంగతి నాకు తెలియదు. ఆరేళ్ల నుంచి ఆ ఫ్లాగ్ పెడుతూనే ఉన్నా 😅

సిక్కోలు_కుర్రోడు · పొద్దున 9:15

మేడమ్, వీఎంస్టాట్ చూశాను. ట్యాబులు తెరిచి పెట్టినప్పుడు డబ్ల్యుఏ 50, 60, ఒక్కోసారి 70 దాటుతోంది. ఎస్‌వై నాలుగైదు మించట్లేదు. ఎస్ఐ, ఎస్ఓ రెండూ వేలల్లో కదులుతున్నాయి. దీని అర్థం ఏంటో చెప్పండి.

నైట్_షిఫ్ట్ · 9:40

ఎస్‌వై అంటే ప్రాసెసర్ కెర్నల్ కోడ్ నడపడానికి పెట్టిన సమయం. అది నీ దగ్గర నూటికి ఐదు. నువ్వు ప్రపంచంలోకెల్లా గొప్ప కెర్నల్ చేసి దాన్ని సగానికి తగ్గించినా నీకు మిగిలేది రెండున్నర. డబ్ల్యుఏ అంటే డిస్క్ ఎప్పుడిస్తుందా అని ఎదురుచూసిన సమయం. ఎస్ఐ, ఎస్ఓ అంటే ర్యామ్ చాలక స్వాప్‌లోకి (డిస్క్ మీద ర్యామ్ బదులు వాడే చోటు), స్వాప్ నుంచి తిరుగుతున్న పేజీలు. నీ లాప్‌టాప్ పని చేయట్లేదు, క్యూలో నిలబడి ఉంది. అంతే.

మందు: చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి. వీలైతే ఇంకో 4 జీబీ ర్యామ్ ముక్క. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీలో వాడినవి దొరుకుతాయి. ఎవరైనా హైదరాబాద్ వెళ్తుంటే తెప్పించుకో. అంతవరకు జీర్యామ్ పెట్టు, ర్యామ్‌లోనే కుదించిన స్వాప్ వస్తుంది. ఉబుంటు కెర్నల్‌లో ఆ మాడ్యూల్ సిద్ధంగానే ఉంది.

సిక్కోలు_కుర్రోడు · 10:02

అర్థమైంది మేడమ్. కానీ నిన్న రాత్రే మొదలుపెట్టేశాను, సారీ. ఉబుంటు కాన్ఫిగ్ (ఆప్షన్ల) ఫైలే కాపీ చేసి, కంపైల్ మొదలుపెట్టే మేక్ కమాండ్ కొట్టా. కాసేపటికే ఆగింది: డెబియన్ ఫోల్డర్‌లో కనానికల్-సర్ట్స్ అనే ఫైల్ లేదు, దాన్ని తయారుచేసే రూలూ లేదు అంటోంది. నిజంగానే ఆ ఫైల్ ఎక్కడా లేదు.

పాత_పెంటియం · 10:20

మేము ఎవరితో మాట్లాడుతున్నాం ఇంతసేపూ 🙂

ఓరుగల్లు_రూట్ · 10:24

శభాష్! అది అందరికీ తగిలే మొదటి రాయి. ఉబుంటువాళ్లు తమ తాళంచెవులు కెర్నల్‌లో పొదుగుతారు, ఆ ఫైల్ వాళ్ల సోర్స్‌లోనే ఉంటుంది, నువ్వు దించిన అసలు సోర్స్‌లో ఉండదు. కాన్ఫిగ్‌లో సిస్టమ్ ట్రస్టెడ్ కీస్, సిస్టమ్ రివొకేషన్ కీస్ రెండూ ఖాళీ చెయ్యి. నేను ఫోన్లో కొడుతున్నా కాబట్టి పేర్లు పలికినట్టే రాస్తున్నా, నువ్వు సరిగ్గా టైప్ చేసుకో.

ఇంకోటి, పూర్తి ఉబుంటు కాన్ఫిగ్‌తో ఆ ఐ3 మీద వండితే రేపటికీ ఉడకదు. మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ కొట్టు. ఇప్పుడు లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లు చూసి మిగతావన్నీ తీసేస్తుంది. 2009 నుంచి, 2.6.32 కాలం నుంచి ఉంది ఈ సదుపాయం.

సిక్కోలు_కుర్రోడు · మధ్యాహ్నం 3:30

కీస్ ఖాళీ చేశాక ముందుకు నడిచింది. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ సంగతి చూసుకోలేదు అన్నా, పూర్తి కాన్ఫిగ్‌తోనే వదిలేశా. ఐదు గంటలు నడిచి ఇప్పుడు డిస్క్ నిండిపోయింది అని ఆగింది. 20 జీబీ ఖాళీ ఉండేది! సోర్స్ ఒకటిన్నర జీబీ లేదు కదా, ఇదంతా ఏం తినేసింది?

బోర్డు_బాబు · 4:05

డీబగ్ సమాచారం, అంటే తప్పులు వెతకడానికి పనికొచ్చే వివరాలు. డిస్ట్రోల కాన్ఫిగ్‌లో అది ఆన్ చేసి ఉంటుంది. వాళ్లు ప్యాకేజీ చేసేటప్పుడు విడదీసి వేరే పెడతారు కాబట్టి నీకు కనబడదు. నువ్వు వండేటప్పుడు ప్రతి ఆబ్జెక్ట్ ఫైల్‌లోనూ కూరుకుంటుంది. పైగా చివర్లో బీటీఎఫ్ (ఒక రకం డీబగ్ సమాచారం) తయారుచేసే మెట్టు దగ్గర పహోల్ అనే ప్రోగ్రాం ర్యామ్ బాగా అడుగుతుంది. నీ 4 జీబీకి అక్కడ ఊపిరాడేది కాదు.

మెనూకాన్ఫిగ్‌లో కెర్నల్ హ్యాకింగ్ అనే విభాగంలోకి వెళ్లి డీబగ్ ఇన్ఫర్మేషన్ దగ్గర డిసేబుల్ అన్న ఎంపిక పెట్టు. కొత్త వెర్షన్లలో అది నాలుగైదింట్లో ఒకటి ఎంచుకునేది. పాత బ్లాగుల్లో చెప్పినట్టు ఒక్క గీత కొట్టేస్తే మళ్లీ తిరిగొచ్చేస్తుంది. మేక్ క్లీన్ చేసి, లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ చేసి మళ్లీ మొదలుపెట్టు. మేక్ బిన్‌డెబ్-పీకేజీ అని కొడితే ఉబుంటు ప్యాకేజీలైన డెబ్ ఫైళ్లే వస్తాయి. వద్దనుకుంటే మామూలు ప్యాకేజీలాగే తీసేయొచ్చు.

ఉబుంటుతో వచ్చిన కెర్నల్ మాత్రం తీయకు.

నైట్_షిఫ్ట్ · 4:10

ఆ ఆఖరి వాక్యం రెండుసార్లు చదువు.

డల్లాస్_బాబాయ్ · శనివారం రాత్రి 8:50

ఆలస్యంగా వచ్చాను, ఇక్కడ ఇప్పుడే నిద్ర లేచాను. వేగం అనే మాటని అందరూ ఒకే అర్థంలో వాడుతున్నారు. నేను ఇంట్లో తబలా, కీబోర్డు రికార్డ్ చేస్తుంటాను. నాకు గంటలో ఎంత పని అయింది అన్నది ముఖ్యం కాదు. కీ నొక్కిన మరుక్షణం హెడ్‌ఫోన్లో వినబడాలి, మధ్యలో చిటపటలు రాకూడదు. దానికోసం ఏళ్ల తరబడి రియల్‌టైమ్ ప్యాచ్ (ఆలస్యం లేకుండా స్పందించేలా చేసే కోడ్ మార్పు) దించి, కెర్నల్‌కి అతికించి, నేనే కంపైల్ చేసుకునేవాణ్ని. ఒక్కోసారి ఆ ప్యాచ్ ఉన్న వెర్షన్‌కి మా ఆడియో కార్డు డ్రైవర్ ఉండేది కాదు, డ్రైవర్ ఉన్న వెర్షన్‌కి ప్యాచ్ ఉండేది కాదు.

ఆ ప్యాచ్ బయట సుమారు ఇరవై ఏళ్లు తిరిగి, ఆఖరికి 2024లో 6.12తో అసలు కెర్నల్‌లో కలిసింది. నా వరకైతే అది పండగ. అది రాకముందే నాకు తెలిసిన ఇంకో సంగతి: పూర్తి రియల్‌టైమ్ నాకు అక్కర్లేదు. డిఫాల్ట్ కెర్నల్‌కే గ్రబ్‌లో ప్రీయెంప్ట్=ఫుల్, థ్రెడ్ఐఆర్‌క్యూస్ అని రెండు మాటలు చేర్చా. చిటపటలు పోయాయి. 5.12 నుంచి ఈ ప్రీయెంప్షన్ (నడుస్తున్న పనిని ఆపి అర్జెంటు పనికి చోటివ్వడం) రకాన్ని బూట్ చేసేటప్పుడే మార్చుకోవచ్చు, మళ్లీ కంపైల్ అక్కర్లేదు. ఎన్ని శనివారాలు మిగిలేవో అని లెక్కేసుకుంటే బాధేస్తుంది.

ఓరుగల్లు_రూట్ · 9:10

బాబాయ్, ఆ శనివారాల్లో నేర్చుకున్నది లెక్కలోకి రాదా?

డల్లాస్_బాబాయ్ · 9:14

వస్తుంది. తబలా మాత్రం అంతగా రాలేదు.

సిక్కోలు_కుర్రోడు · ఆదివారం మధ్యాహ్నం 1:20

అయ్యింది!! గంటా పది నిమిషాల్లో అయిపోయింది. డెబ్ వచ్చింది, వేశాను, రీబూట్ చేశాను. నల్ల స్క్రీన్ మీద బ్యాడ్ షిమ్ సిగ్నేచర్ అని వచ్చింది. గుండె జారిపోయింది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో లేపాను.

బోర్డు_బాబు · 1:45

సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైన సంతకం లేని కెర్నల్‌ని లేవనివ్వని కాపలా. డిస్ట్రో కెర్నల్ మీద వాళ్ల సంతకం ఉంటుంది, నీ దాని మీద ఎవరి సంతకం ఉంది? రెండు దార్లు. ఒకటి, బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆపేయడం. రెండోది, నీ సొంత తాళంచెవి తయారుచేసి, మోక్‌యుటిల్ కమాండ్‌తో నమోదు చేసి, కెర్నల్‌ని దాంతో సంతకం చేయడం. నమోదయ్యాక రీబూట్‌లో నీలం స్క్రీన్ వచ్చి పాస్‌వర్డ్ అడుగుతుంది. తొందరపడి కంటిన్యూ కొట్టావంటే మళ్లీ మొదటికే.

సిక్కోలు_కుర్రోడు · 5:05

సొంత చెవితోనే చేశాను. నా పేరుతో కెర్నల్ లేచింది! యునేమ్ కమాండ్ కొడితే వెర్షన్ పక్కన మా ఊరి పేరు వస్తోంది 😎 స్క్రీన్‌షాట్ మా క్లాస్ గ్రూపులో పెట్టా.

లెక్కలు కూడా తీశా. బూట్ సమయం చెప్పే సిస్టమ్‌డి-ఎనలైజ్ ప్రకారం కెర్నల్ భాగం 5.8 సెకన్ల నుంచి 4.1కి వచ్చింది. మొత్తం బూట్ మాత్రం 1 నిమిషం 32 సెకన్ల నుంచి 1 నిమిషం 30 సెకన్లు. ట్యాబులు తెరిస్తే... అదే బంకమట్టి. మేడమ్ చెప్పినట్టు జీర్యామ్ పెడదామని చూస్తే, అలాంటి మాడ్యూలే లేదంటోంది.

నైట్_షిఫ్ట్ · 5:20

లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ కొట్టినప్పుడు జీర్యామ్ లోడ్ అయి లేదు కాబట్టి తీసేసింది. అంటే నీకు నిజంగా పనికొచ్చే ఒక్క మాడ్యూల్‌ని ఊడ్చి బయట పారేశావు. నవ్వకూడదు గానీ నవ్వొస్తోంది.

సిక్కోలు_కుర్రోడు · సోమవారం సాయంత్రం 6:30

ఇవాళ ల్యాబ్‌లో పరువు పోయింది. మేడం పెన్‌డ్రైవ్ ఇచ్చి ప్రోగ్రాం కాపీ చేసుకోమన్నారు. పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫోన్‌తో యూఎస్‌బీ టెథరింగ్ పెడితే అదీ లేదు. చుట్టూ అందరూ చూస్తున్నారు. పొద్దున్నే క్లాసులో కెర్నల్ గురించి పెద్ద లెక్చర్ ఇచ్చి ఉన్నాను కూడా.

ఓరుగల్లు_రూట్ · 6:48

అది నా తప్పు తమ్ముడూ, చెప్పడం మరిచా. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ కొట్టే ముందు నీ దగ్గరున్న పెన్‌డ్రైవ్, ఫోన్, హెడ్‌సెట్, ప్రింటర్ అన్నీ ఒకసారి పెట్టి తియ్యాలి, అప్పుడే ఆ మాడ్యూళ్లు జాబితాలోకి వస్తాయి. నేనైతే ఆర్చ్ లినక్స్‌వాళ్ల మాడ్‌ప్రోబ్డ్-డీబీ వాడతా. కొన్ని వారాల పాటు ఏవేవి లోడ్ అవుతున్నాయో అది రాసిపెట్టుకుంటుంది, తర్వాత ఆ జాబితాతో వండుకోవడమే.

పాత_పెంటియం · 7:10

పెళ్లికి వంట చేస్తూ ఇప్పుడు పంక్తిలో కూర్చున్నవాళ్లకే విస్తళ్లు లెక్కపెట్టినట్టుంది. రెండో పంక్తి మాటేమిటి?

నైట్_షిఫ్ట్ · రాత్రి 11:35

ఇప్పుడు కాస్త సీరియస్‌గా. పెన్‌డ్రైవ్ పోయిందంటే వెంటనే తెలిసింది, బాగు చేస్తావు. తెలియకుండా పోయేది ఒకటుంది.

నేను వెనక పనిచేసిన ఒకచోట ఒక సర్వర్ ఉండేది. నాకంటే ముందున్న అడ్మిన్ దాని మీద 5.10 కెర్నల్ సొంతంగా కంపైల్ చేసి పెట్టాడు. ఎందుకు చేశాడో ఎక్కడా రాయలేదు. అతను మానేశాడు. మేము నెలనెలా ఆప్ట్ అప్‌గ్రేడ్ (అప్‌డేట్ కమాండ్) కొడుతున్నాం, అన్నీ కొత్తవి వచ్చాయనే అనుకుంటున్నాం. 2022 మార్చిలో డర్టీ పైప్ అనే కెర్నల్ లోపం బయటపడింది. మామూలు యూజర్ ఎవరైనా, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైల్‌లోకి రాసేయగలడు. అంటే రూట్ (మెషీన్ మీద సర్వాధికారి) అయిపోవచ్చు. 5.8లో పుట్టిన లోపం అది. 5.16.11, 5.15.25, 5.10.102 వెర్షన్లలో సరిచేశారు. డిస్ట్రో కెర్నల్ ఉన్న మెషీన్లన్నీ ఆ వారంలో అప్‌డేట్ చేసి రీబూట్ చేశాం. జాబితా మీద టిక్కులు పెట్టాం.

ఈ ఒక్కటి మాత్రం ప్యాకేజీ కొత్తది తెచ్చుకుంది, కానీ లేచేది పాత సొంత కెర్నల్‌తోనే. గ్రబ్‌లో డిఫాల్ట్ అదే పెట్టి ఉంది. ఇంకో పని మీద యునేమ్ కొట్టినప్పుడు కనబడింది, మూడు వారాల తర్వాత. ఆ మూడు వారాలు అందులో ఏం జరిగిందో అని లాగ్‌లు చదువుతూ కూర్చున్న రాత్రులు నాకు గుర్తున్నాయి. అదృష్టం కొద్దీ ఏమీ జరగలేదు.

డిఫాల్ట్ కెర్నల్ అంటే ఒక ఫైల్ అనుకుంటారు. నీ బదులు రోజూ లోపాల జాబితా చదివి, ప్యాచ్ ఎక్కించి, పరీక్షించి పంపే మనుషులు దాని వెనకాల ఉన్నారు. సొంతంగా వండిన రోజు నుంచి ఆ ఉద్యోగం నీది. 2024 ఫిబ్రవరి నుంచి కెర్నల్ బృందమే స్వయంగా సీవీఈ నంబర్లు (భద్రతా లోపాలకు పెట్టే గుర్తులు) ఇస్తోంది, అవి ఎంత జోరుగా వస్తున్నాయో ఒక్క వారం ఆ జాబితా చదివి చూడు. 6.12లో కూడా చుక్క తర్వాత అంకె మారుతూనే ఉంటుంది. నువ్వు వండింది ఎన్నో నంబరు?

సిక్కోలు_కుర్రోడు · 11:50

6.12 ఒట్టిదే మేడమ్. చుక్క తర్వాత ఇంకేమీ లేదు. టెన్షన్ వస్తోంది ఇప్పుడు.

నైట్_షిఫ్ట్ · 11:58

నీ లాప్‌టాప్‌ని ఎవరూ దోచుకోరులే. కానీ రోజువారీ పనికి అది వాడకు.

ఓరుగల్లు_రూట్ · మంగళవారం అర్ధరాత్రి 12:20

నేను వారం వారం అప్‌డేట్ చేసుకుంటా, నాకు అలవాటైపోయింది. కానీ ఇంట్లో ఒక్క మెషీన్ కాబట్టి చెల్లింది. యాభై ఉంటే నేనూ చేయను. అది ఒప్పుకోవాలి.

బోర్డు_బాబు · పొద్దున 9:05

నేను రెండో వైపు నుంచి చెప్తా. మాకు డిఫాల్ట్ అన్నదే ఉండదు. బోర్డు వస్తుంది, 16 ఎంబీ ఫ్లాష్ ఉంటుంది, అందులో బూట్‌లోడర్, కెర్నల్, ఫైల్‌సిస్టమ్, అప్లికేషన్ అన్నీ పట్టాలి. కస్టమర్ బటన్ నొక్కిన రెండు సెకన్లలో స్క్రీన్ వెలగాలంటాడు. అక్కడ ప్రతి ఆప్షన్‌తోనూ యుద్ధమే. బిల్డ్‌రూట్, యోక్టో లాంటి బిల్డ్ టూళ్లు మాకు రోజూ వంటపాత్రలు. కాబట్టి సొంత కెర్నల్ వృథా అని ఎవరైనా అంటే నా జీతం ఆగిపోతుంది.

కానీ చూడండి, ఆండ్రాయిడ్ ఏ దారి పట్టిందో. ఒక్కో ఫోన్ కంపెనీ, ఒక్కో చిప్ కంపెనీ కెర్నల్‌ని తమకు కావలసినట్టు కోసి కుట్టుకున్నాయి. ఒక లోపం సరిచేస్తే అది అందరి దాకా చేరేది కాదు. చివరికి గూగుల్ జీకేఐ అని ఒకే ఉమ్మడి కెర్నల్ తెచ్చింది. ఆండ్రాయిడ్ 12తో, 5.10 కెర్నల్‌తో బయటికొచ్చే ఫోన్ల నుంచి ఆ ఉమ్మడిదే వాడాలి, కంపెనీల సరుకంతా మాడ్యూళ్లలో పెట్టుకోవాలి. కోట్ల ఫోన్ల దగ్గర తగిలిన దెబ్బకి అటు నుంచి ఇటు వచ్చారు.

సిక్కోలు తమ్ముడూ, ఒకటి అడుగుతా. వేగం పక్కన పెట్టు. ఆ లాప్‌టాప్‌లో డిఫాల్ట్ కెర్నల్‌తో అసలు పనిచేయనిది ఏమన్నా ఉందా?

సిక్కోలు_కుర్రోడు · సాయంత్రం 7:15

ఒకటుంది అన్నా, వదిలేశాను. హెడ్‌సెట్ పెడితే పాటలు వినబడతాయి, మైక్ మాత్రం రాదు. లాప్‌టాప్ మైక్‌తోనే ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు కానిచ్చేస్తున్నా. ఫ్యాన్ చప్పుడు అంతా అవతలివాళ్లకే. నా 6.12లోనూ అదే తీరు.

బోర్డు_బాబు · 7:40

ఇదీ కెర్నల్ సమస్య అంటే. స్లాష్ ప్రోక్ స్లాష్ అసౌండ్‌లో నీ సౌండ్ కార్డు కింద కోడెక్ (సౌండ్ చిప్) ఫైల్ తెరిచి మొదటి పది పంక్తులు పెట్టు. కోడెక్ పేరు, సబ్‌సిస్టమ్ ఐడీ కావాలి.

సిక్కోలు_కుర్రోడు · 7:52

కోడెక్: రియల్‌టెక్ ఏఎల్‌సీ255 అని ఉంది. ఐడీ మీకు మెసేజ్ చేశా.

బోర్డు_బాబు · 8:30

అనుకున్నదే. ఒకే సౌండ్ చిప్‌ని ఒక్కో లాప్‌టాప్‌లో ఒక్కోలా తీగలు కలుపుతారు. మైక్ ఏ పిన్‌కి వెళ్లిందో బయాస్ సరిగ్గా చెప్పకపోతే డ్రైవర్‌కి తెలియదు. అందుకే 6.12 సోర్స్‌లో సౌండ్, పీసీఐ, హెచ్‌డీఏ ఫోల్డర్లలో ప్యాచ్-రియల్‌టెక్ అనే ఫైల్ ఉంటుంది. తెరిచి చూడు, అందులో పెద్ద పట్టిక: ఈ ఐడీ ఉన్న మెషీన్‌కి ఈ చిట్కా అని వరసగా. నీ ఐడీ అందులో లేదు. వెతికా.

ముందు ఉబుంటు కెర్నల్‌తోనే లేపు. ఈటీసీలో మాడ్‌ప్రోబ్-డీ ఫోల్డర్‌లో ఒక కాన్ఫ్ ఫైల్ పెట్టి, ఆప్షన్స్ ఎస్ఎన్‌డీ-హెచ్‌డీఏ-ఇంటెల్ మోడల్=డెల్-హెడ్‌సెట్-మల్టీ అని ఒకే పంక్తి రాయి. పేరులో డెల్ ఉందని చూడకు, అది చిట్కా పేరు మాత్రమే, వేరే కంపెనీల వాటికీ పట్టొచ్చు. రీబూట్ చేసి హెడ్‌సెట్ పెట్టు.

సిక్కోలు_కుర్రోడు · 9:05

అన్నా!!! మైక్ వచ్చింది. అమ్మకి ఫోన్ చేసి మాట్లాడా, బావిలోంచి మాట్లాడుతున్నట్టు లేదురా ఇవాళ అంది. కంపైల్ చేయకుండానే! మూడు రోజులు దేనికి కష్టపడ్డట్టు నేను?

పాత_పెంటియం · 9:20

2003లో ఈ ఆప్షన్ల ఫైల్ గురించి నాకెవరూ చెప్పలేదు. ఆ సౌండ్ కార్డుకి ఎన్ని రాత్రులు పోశానో.

బోర్డు_బాబు · 9:45

కష్టం ఇప్పుడు పనికొస్తుంది. ఆ ఆప్షన్ నీ ఒక్కడి మెషీన్‌లో ఉంది. అదే మోడల్ కొన్న ఇంకొకడు ఎక్కడో ఇలాగే ఫ్యాన్ చప్పుడుతో ఇంటర్వ్యూ ఇస్తున్నాడు. ఆ పట్టికలో నీ ఐడీతో ఒక్క పంక్తి చేర్చి, ప్యాచ్‌గా పంపితే, అది అసలు కెర్నల్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి స్థిర వెర్షన్లలోకి దిగి, చివరికి ఉబుంటు డిఫాల్ట్ కెర్నల్‌లోకే వస్తుంది. అప్పుడు ఆ కాన్ఫ్ ఫైల్ నువ్వే తీసేయొచ్చు.

దీనికి మాత్రం కంపైల్ తప్పదు, పరీక్షించకుండా పంపకూడదు. మొత్తం వండక్కర్లేదు, కంపైల్ అయిన సోర్స్ ఫోల్డర్ సిద్ధంగానే ఉంది కాబట్టి ఆ ఒక్క ఫోల్డర్ మాడ్యూళ్లు కంపైల్ చేసుకుంటే ఐదు నిమిషాల పని. నీ సొంత కెర్నల్‌లోకి లేచి, మోడల్ ఆప్షన్ తీసేసి, కొత్త మాడ్యూల్‌తో మైక్ వస్తోందో లేదో చూడు. సెక్యూర్ బూట్ ఉంది కదా, లోడ్ కానని మొండికేస్తే ఆ మాడ్యూల్‌నీ నీ చెవితో సంతకం చెయ్యి. సోర్స్‌లోనే స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో చెక్‌ప్యాచ్ ఉంటుంది, తప్పులు చెప్తుంది. గెట్-మెయింటెయినర్ ఎవరికి పంపాలో చెప్తుంది. కింద సైన్డ్-ఆఫ్-బై అని నీ పేరు పెట్టు, ఎవరో తెలియకుండా పంపితే కుదరదు.

ఓరుగల్లు_రూట్ · 9:58

ఆరేళ్ల నుంచి వండుకుని తింటున్నా గానీ ఒక్క పంక్తి కూడా తిరిగి పంపలేదు నేను. కొంచెం సిగ్గేస్తోంది.

సిక్కోలు_కుర్రోడు · 10:10

జీమెయిల్ నుంచి మామూలుగా పంపేయొచ్చా?

బోర్డు_బాబు · 10:15

వద్దు. బ్రౌజర్‌లోంచి పంపితే ట్యాబులు, ఖాళీలు మారిపోయి ప్యాచ్ అతకదు. హెచ్‌టీఎంఎల్‌లో వెళ్తే ఆ మెయిలింగ్ లిస్ట్ అసలు తీసుకోదు. గిట్ సెండ్-ఈమెయిల్ అనే కమాండ్ వాడాలి. జీమెయిల్‌లో యాప్ పాస్‌వర్డ్ ఒకటి తీసుకుని దాంతో కలుపు. ముందు నీకు నువ్వే పంపుకో, తర్వాత నాకు పంపు, చూసి చెప్తా.

నైట్_షిఫ్ట్ · 10:40

ఎస్ఎస్‌డీ సంగతి ఏం చేశావు? మా ఆఫీసు పిల్లవాడు ఒకడు శుక్రవారం రాత్రి బస్సుకి శ్రీకాకుళం వస్తున్నాడు. సీటీసీ నుంచి కావాలంటే ఇప్పుడే చెప్పు, పంపిస్తా.

సిక్కోలు_కుర్రోడు · 10:52

కావాలి మేడమ్, మెసేజ్ చేస్తున్నా. రేపు ల్యాబ్ ఎగ్జామ్ ఉంది, ప్యాచ్ శనివారం మొదలుపెడతా. ఎగ్జామ్‌కి ఉబుంటు కెర్నల్‌తోనే వెళ్తున్నా. పెన్‌డ్రైవ్ ఇప్పుడే పెట్టి చూశాను, వస్తోంది.